మూసిన కిటికీలోంచి వచ్చే మోత

"కిటికీలన్నీ మూసినాం, అయినా హారన్ చెవి పక్కనే కొట్టినట్టుంది." కడపలో రోడ్డు పక్క ఇళ్లల్లో తరచూ వినబడే మాట ఇది. కర్నూలు నుంచి నంద్యాల, మైదుకూరు మీదుగా వచ్చి రాయచోటి, చిత్తూరు వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారి మీది లారీలు ఒక పక్క. చెన్నై-ముంబై రైలు మార్గంలో వేళాపాళా లేకుండా నడిచే గూడ్సు బండ్లు ఇంకో పక్క. ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల ఆటోల రొద సరేసరి. నిద్ర పట్టక ఇంటి యజమాని మేస్త్రిని పిలిస్తే, అద్దం పలచనైందనో గోడ మందం చాలలేదనో చెప్పి కొత్త ఖర్చు చూపిస్తాడు. చాలాసార్లు తప్పు అద్దానిది కాదు, గోడదీ కాదు. రెక్కకూ ఫ్రేముకూ మధ్య ఎవరూ పట్టించుకోని సందుదే ఆ తప్పు.

ఆ సందు లెక్క ఒకసారి వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న మామూలు కిటికీ తీసుకుందాం. దాని విస్తీర్ణం 16 చదరపు అడుగులు, అంటే 2,304 చదరపు అంగుళాలు. చుట్టుకొలత 192 అంగుళాలు. రెక్క అంచు చుట్టూ అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే దాదాపు 3 మిల్లీమీటర్ల సందు ఉందనుకుంటే, మొత్తం కలిపి 24 చదరపు అంగుళాలు అవుతుంది. కిటికీలో నూటికి ఒక వంతు. ఈ ఒక్క వంతు తెరిచి ఉంటే, మిగతా 99 వంతుల్లో ఇనుప దిమ్మె పెట్టినా ఆ కిటికీ సుమారు 20 డెసిబెల్స్ (మోతను కొలిచే ప్రమాణం) కంటే ఎక్కువ మోత తగ్గించలేదు. సందును పదో వంతుకు కుదిస్తే ఆ హద్దు 30 డెసిబెల్స్‌కు చేరుతుంది. డెసిబెల్ లెక్క రూపాయల లెక్కలాంటిది కాదు. 10 డెసిబెల్స్ తగ్గితే శబ్దశక్తి పదో వంతుకు పడిపోతుంది, చెవికి మాత్రం మోత సుమారు సగమైనట్టు తోస్తుంది. అంటే 20కీ 30కీ తేడా, పడుకున్న మనిషికి సగం మోత తేడా. దానికయ్యే ఖర్చు చూస్తే కొన్ని మీటర్ల రబ్బరు పట్టీ, వడ్రంగికి ఒక పూట కూలి.

గోడ సంగతి కూడా ఈ లెక్కలోనే తేలిపోతుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా సిమెంటు పూతతో, 50 డెసిబెల్స్ దాకా మోతను ఆపగలదు. పది అడుగుల ఎత్తు, పది అడుగుల పొడవు ఉన్న అలాంటి గోడలో పైన చెప్పుకున్న సందుల కిటికీ ఒకటి పెడితే, గోడా కిటికీ కలిసి ఆపేది 28 డెసిబెల్స్ మాత్రమే. ఆ గోడను పద్దెనిమిది అంగుళాలు చేసినా ఆ 28 అట్లాగే ఉంటుంది. అదే కిటికీని బాగుచేసి 35 డెసిబెల్స్ ఆపేలా చేస్తే మొత్తం 42కి చేరుతుంది. కిటికీ బార్లా తెరిచి పెడితే 8కి పడిపోతుంది. నీళ్ల తొట్టికి అడుగున చిల్లు ఉంటే గోడలు ఎంత మందంగా కట్టినా నీళ్లు నిలవవు. మోత విషయంలో కిటికీ ఆ చిల్లు.

కిటికీ రెక్కను షట్టర్ అని కూడా అంటారు. షట్టర్ అనగానే మన దగ్గర అంగడి ముందు పైకి చుట్టుకునే ఇనుప రేకు గుర్తొస్తుంది. కిటికీకి సంబంధించినంత వరకు ఇక్కడ షట్టర్ అంటే రెక్కే. చెక్కదో, అద్దందో, అల్యూమినియందో, ఏదైనా సరే. కానీ ఆ అంగడి షట్టర్ కూడా ఒక పాఠం చెబుతుంది. 18 గేజు ఇనుప రేకు మందం సుమారు 1.2 మిల్లీమీటర్లు. చదరపు మీటరుకు తొమ్మిది కిలోలకు పైగా తూగుతుంది. 4 మిల్లీమీటర్ల కిటికీ అద్దం తూగేది చదరపు మీటరుకు పది కిలోలు. రెండూ దాదాపు ఒకే బరువు. అయినా చుట్టూ బిగువుగా అమర్చిన ఆ అద్దం 30 డెసిబెల్స్‌కు దగ్గరగా ఆపుతుంటే, అంగడి షట్టర్ వెనక కూర్చున్న మనిషికి రోడ్డు మీద మాట్లాడేవాళ్ల మాటలు కూడా వినబడుతుంటాయి. పట్టీకీ పట్టీకీ మధ్య సందులు, పక్క గాడుల్లో ఖాళీ, నేల దగ్గర ఎత్తుపల్లాలు, వీటితో ఆ బరువంతా వృథా అవుతుంది. పైగా లారీ పోయినప్పుడల్లా అదే గడగడలాడుతుంది. యూరప్ ఇళ్లలో కిటికీ బయట ఇలా చుట్టుకునే రోలర్ షట్టర్లు పెట్టుకోవడం మామూలు. అక్కడ కూడా పట్టీలు చుట్టుకునే పైపెట్టె దగ్గరే మోత లోపలికి జారుతుందని నిపుణులు జాగ్రత్త పడతారు.

సందులు మూసిన తర్వాతే బరువు మాట. పొరను కంపింపజేయకుండా శబ్దం దాన్ని దాటలేదు. పొర ఎంత బరువుంటే అంత తక్కువగా కంపిస్తుంది. బరువు రెట్టింపైతే ఐదారు డెసిబెల్స్ ఎక్కువ ఆగుతుంది. అంగుళంపావు మందం ఉన్న గట్టి వేప చెక్క లేదా టేకు రెక్క చదరపు మీటరుకు సుమారు 20 కిలోలు తూగుతుంది, అంటే మామూలు కిటికీ అద్దానికి రెండింతలు. పాతకాలపు చెక్క రెక్కలు మూస్తే గది ఒక్కసారిగా నిమ్మళించినట్టు అనిపించేది అందుకే. ఇప్పుడు అదే పేరుతో వచ్చే కొన్ని రెక్కల్లో చుట్టూ మందపాటి చెక్క, మధ్యలో పలచని ప్లైవుడ్ పలక ఉంటున్నాయి. చూపుకు ఒకటే, మోతకు ఒకటి కాదు. ఇక ఏటవాలు పట్టీల మధ్య గాలి ఆడేలా చేసే రెక్కలు ఎండకు, చాటుకు ఎంత బాగున్నా మోతను పెద్దగా ఆపలేవు. గాలి ఆడే దారిలో శబ్దమూ ఆడుతుంది.

థర్మాకోలు పలకలు, స్పాంజి షీట్లు, గుడ్ల అట్టలు కిటికీకి అంటించే అలవాటు ఒకటి ఉంది. వీటికి బరువు లేదు కాబట్టి బయటి మోతను ఆపలేవు. మెత్తటి స్పాంజి గదిలో పుట్టిన శబ్దం గోడలకు తగిలి మారుమోగడాన్ని తగ్గిస్తుంది, అది వేరే పని. కర్టెన్లదీ అంతే. మందపాటి కర్టెన్ వేస్తే గదిలో గుయ్యిమనే ప్రతిధ్వని తగ్గి కొంత హాయిగా ఉంటుంది, కానీ బస్సు హారన్‌కు అది అడ్డు కాదు. డబ్బు లేనివాళ్లు ఇలాంటి వాటి మీద ఖర్చు పెట్టి నష్టపోకూడదు కాబట్టి ఈ తేడా గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

చెక్క రెక్కల్లో సందు ఎలా పుడుతుందో చూస్తే సగం మందు దొరికినట్టే. కొత్తగా బిగించినప్పుడు రెక్క ఫ్రేములో చక్కగా కూర్చుంటుంది. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, రెక్క పట్టేస్తుంది. వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టిస్తారు. అప్పటికి బాగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే కడప ఎండకు అదే చెక్క ఎండి కుంచించుకుపోతుంది. వానాకాలంలో చిత్రిక పట్టి తీసిన ఆ రవ్వంత చెక్క ఇప్పుడు సందై కూర్చుంటుంది. నాలుగైదేళ్లు ఇట్లా జరిగితే రెక్కల మధ్యలోంచి వీధి కనబడుతుంది. అంచు చిత్రిక పట్టకూడదని కాదు. పట్టిన ప్రతిసారీ ఫ్రేము గాడిలో, రెక్క వచ్చి ఆనుకునే చోట, మెత్తటి బోలు రబ్బరు పట్టీ అతికిస్తే వానకు నలిగి, ఎండకు ఉబ్బి ఆ తేడాను అదే సర్దుకుంటుంది. రెండు రెక్కలు కలిసే నడిమి గీత మీద ఒక చెక్క బద్ద కొడితే అక్కడి నిలువు సందు మూతపడుతుంది. గడియ మధ్యలో ఒక్కటే ఉంటే రెక్క పైకొస, కింది కొస ఫ్రేముకు దూరంగా నిలుస్తాయి. అందుకే పైన ఒకటి, కింద ఒకటి బిగుతైన గడియలు ఉండాలి. పాత ఇళ్లల్లో రెక్కకు పైనా కిందా గడియలు పెట్టింది దొంగల భయంతోనే కావచ్చు, చెవికీ అది మేలే చేసింది.

అల్యూమినియం, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) స్లైడింగ్ కిటికీల కథ వేరు. పక్కకు జరగాలంటే రెక్క గాడిలో కొంచెం వదులుగా ఉండి తీరాలి. ఆ వదులు పూడ్చడానికి పెట్టే ఊలు బ్రష్ దుమ్మును ఆపుతుంది గానీ గాలిని పూర్తిగా ఆపదు. గాడిలో వాననీరు పోవడానికి వదిలిన రంధ్రాలు ఉండనే ఉంటాయి. తలుపులా తెరుచుకుని, మూసినప్పుడు రబ్బరు మీద ఒత్తుకుని బిగిసే రెక్క మోత విషయంలో ఎప్పుడూ మెరుగే. రోడ్డు వైపు పడక గది ఉన్న ఇంటికి స్లైడింగ్ కిటికీ పెట్టించడం పొరపాటనే చెప్పాలి. జాగా కలిసొస్తుందన్న మాట నిజమే, కానీ ఆ జాగాకు నిద్ర ఖరీదు కట్టాల్సి వస్తుంది.

కడప అన్న పేరు గడప నుంచి వచ్చిందని, దేవుని కడప తిరుమల యాత్రకు గడప అని పెద్దలు చెబుతారు. ఆ ఊరి కొత్త ఇళ్లల్లోనే గడపలు మాయమవుతున్నాయి. వీధి వాకిలికి పసుపు, కుంకుమ పెట్టడానికి ఒక గడప మిగిలింది. లోపలి గదులకు, బాల్కనీ తలుపులకు నేల సమంగా ఉండాలని తీసేస్తున్నారు. గడప ఉన్న తలుపు మూస్తే కింది అంచు దానికి ఆనుకుంటుంది. గడప లేని తలుపు కింద అర అంగుళం ఖాళీ ఉంటుంది. మూడడుగుల తలుపుకు అది 18 చదరపు అంగుళాలు, అంటే పైన లెక్క వేసిన కిటికీ చుట్టూ సందులో ముప్పావు వంతు. రోడ్డు వైపు బాల్కనీ ఉన్న గదిలో కిటికీకి ఎంత చేసినా ఫలితం కనబడకపోతే ముందు తలుపు కింద చూడాలి. వృద్ధులు తట్టుకుంటారని, చక్రాల కుర్చీ పోదని గడప వద్దనుకునే ఇళ్లకు తలుపు అడుగున బిగించే రబ్బరు పట్టీలు దొరుకుతాయి.

ఇంతకంటే ఎక్కువ నిశ్శబ్దం కావాలంటే ఒకే పొరను బరువెక్కించడం కన్నా రెండో పొర దూరంగా పెట్టడం తెలివైన పని. ఇక్కడే అమ్మకందారుల మాట జాగ్రత్తగా వినాలి. రెండు అద్దాల మధ్య 12 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్న డబుల్ గ్లేజింగ్‌ను "సౌండ్ ప్రూఫ్" అని అమ్ముతారు. వేడిని ఆపడంలో అది మంచిదే. కానీ రెండు పొరలు, మధ్యలో చిక్కుకున్న గాలి కలిసి స్ప్రింగుకు కట్టిన రెండు బరువుల్లా ఊగుతాయి. ఊగే ఆ ప్రత్యేక స్వరం దగ్గర మోత ఆగకపోగా సులువుగా లోపలికి వస్తుంది. రెండు 4 మిల్లీమీటర్ల అద్దాలు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే ఆ స్వరం సుమారు 245 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 245 కంపనాల దగ్గర పడుతుంది. బస్సు, లారీ ఇంజన్ల గుర్రుమనే మోతలో చాలా భాగం సరిగ్గా ఆ చుట్టుపక్కలే, అంతకు దిగువనే ఉంటుంది. అదే దూరాన్ని నాలుగు అంగుళాలు చేస్తే ఆ స్వరం 85 హెర్ట్జ్‌కు దిగిపోతుంది. దానికి పైనున్న మోతంతా బాగా ఆగుతుంది.

ఆ నాలుగు అంగుళాలు మన ఇళ్లల్లో ఇప్పటికే ఉన్నాయి. తొమ్మిది అంగుళాల గోడలో నాలుగు అంగుళాల ఫ్రేమును బయటి అంచుకు పెడితే, పూతలతో కలిపి లోపల ఐదు అంగుళాల గూడు మిగులుతుంది. చాలామంది అక్కడ కడప బండ పరిచి ఫోను ఛార్జరు, మందుల డబ్బా పెట్టుకుంటారు. ఆ గూడు లోపలి అంచుకు రెండో జత రెక్కలు, గట్టి చెక్కవో రబ్బరు పట్టీతో బిగిసే అద్దం రెక్కలో పెట్టిస్తే పాత కిటికీ జోలికి పోకుండానే రెండు పొరలు ఏర్పడతాయి. పగలు లోపలి రెక్కలు తెరిచి పెట్టుకోవచ్చు, రాత్రి మూసుకోవచ్చు. బండ కింద సిమెంటు నిండని బోలు ఉంటే దాన్ని కూడా పూడ్చాలి. ఫ్రేముకూ గోడకూ మధ్య పైపూత వెనక దాగిన నెర్రెలు బయటికి కనబడవు గానీ మోతకు దారి ఇస్తాయి. కొత్త అద్దం వేసుకునేవాళ్లు రెండు పలకల మధ్య పలచని ప్లాస్టిక్ పొర అతికిన లామినేటెడ్ అద్దం ఎంచుకుంటే అదే మందం ఉన్న మామూలు అద్దం కన్నా తక్కువగా కంపిస్తుంది.

అన్నీ మూసేస్తే గాలెట్లా? కడపలో ఈ ప్రశ్నకు జవాబు లేకుండా కిటికీ రెక్కల గురించి రాసే ఏ సలహా అయినా మే నెల మొదటి వారంలోనే వీగిపోతుంది. చలిదేశాల్లో రాత్రి రెక్కలు మూయడం సుఖం. ఇక్కడ వేసవి రాత్రి కిటికీ మూయడం శిక్ష. కాబట్టి గాలి దారిని, మోత దారిని విడదీయాలి. రాయలసీమ మట్టి మిద్దె ఈ పని ఎప్పుడో చేసి చూపించింది. రెండడుగుల రాతి గోడ, చదరపు మీటరుకు వెయ్యి కిలోలకు పైగా బరువు. వీధి వైపు కిటికీ చిన్నది, ఒక్కోసారి అసలు ఉండదు. వెలుగూ గాలీ పైనుంచి, మిద్దె కప్పులో వదిలిన గవాచి అనే చిన్న కంత నుంచి వచ్చేవి. ఎద్దుల బండ్ల కాలం నాటి ఆ ఇంట్లో ఇప్పుడు పడుకున్నా బయట పోయే లారీ ఎక్కడో పోతున్నట్టు ఉంటుంది. అందులో చీకటి ఎక్కువ, నిజమే. అయినా గాలిని వీధి నుంచి కాక వేరే వైపు నుంచి తీసుకోవాలన్న ఆలోచన ఈనాటి రెండంతస్తుల ఇంటికీ పనికొస్తుంది. పెరటి వైపు కిటికీ, మెట్ల మీది వెంటిలేటరు, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను, వీటితో ఇంట్లో గాలి కదిలేలా చేసుకుని రోడ్డు వైపు రెక్కలు బిగించవచ్చు.

కూలరు పెట్టే చోటు కూడా ఈ దృష్టితోనే చూసుకోవాలి. మన ఊళ్లల్లో కూలరును వీధి కిటికీకి తగిలించడం అలవాటు. గడ్డి మెత్తలు, పలచని రేకు, మధ్యలో ఫ్యాను. మోతకు అది తెరిచిన కిటికీతో సమానం. దాన్ని పెరటి వైపుకు మార్చి, గాలి బయటికి పోయే దారిని హాలు మీదుగా ఇస్తే చల్లదనం తగ్గదు, రోడ్డు మోత సగానికి పైగా పోతుంది. పడమటి కిటికీలకు బయట వైపు చెక్క రెక్కలు ఉంటే ఇంకో లాభం ఉంది. మధ్యాహ్నపు ఎండ అద్దం మీద పడకముందే ఆగిపోతుంది, గోడలూ గదీ సాయంత్రానికి తక్కువ వేడెక్కుతాయి, రాత్రి మూసుకుని పడుకోవడం అంత కష్టం కాదు.

మోత ఎంత ఉండాలో చట్టం చెప్పింది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ మించకూడదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట రాత్రి 40. పడక గదిలో 30 మించకపోతే నిద్రకు మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది. రద్దీ రోడ్డు పక్కన 70, 75 డెసిబెల్స్ మామూలు విషయం. 75 నుంచి సందుల కిటికీ గల గోడ 28 ఆపితే లోపల 47 మిగులుతుంది, బాగుచేసిన కిటికీతో 33. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే కార్మికుడికి, పరీక్షలకు చదివే పిల్లకు, బీపీ మందు వేసుకుని పడుకున్న ముసలాయనకు ఈ రెండు అంకెల మధ్య దూరం చాలా పెద్దది. హారన్ మోత అప్పుడప్పుడు 100 దాటి లోపలికి దూకుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

రెక్కలు ఆపలేనిది ఒకటుంది. పెళ్లి ఊరేగింపు డీజే బాక్సుల దడదడ. స్వరం ఎంత దిగువకు పోతే ఏ పొర అయినా అంత తక్కువగా ఆపుతుంది. ఆ దడదడ అద్దాన్నీ చెక్కనే కాదు, గోడనూ తలుపునూ కూడా ఊపుతుంది. మంచి కిటికీ ఉన్న ఇంట్లో పాట మాటలు వినబడవు, గుండెల్లో దెబ్బ మాత్రం తెలుస్తుంది. రాత్రి 10 తర్వాత బహిరంగ స్థలాల్లో లౌడ్ స్పీకర్లు వాడరాదన్న నియమం ఉంది, 2005 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు కూడా దాన్ని గట్టిగా నిలబెట్టింది. ఈ మోతను కిటికీ దగ్గర ఆపమని ఇంటివాళ్లకు చెప్పడం న్యాయం కాదు.

ఇప్పటికే ఉన్న ఇంటికి ఎక్కడ మొదలుపెట్టాలన్నది తెలుసుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. రాత్రి గదిలో దీపాలు ఆర్పి, బయట నుంచి ఒకరు కిటికీ అంచుల వెంట టార్చి వేస్తుంటే లోపల ఇంకొకరు చూడాలి. వెలుగు గీత కనబడిన చోటల్లా చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోవాలి. వెలుగు వంకర దారిలో పోలేదు కానీ శబ్దం పోగలదు. అందుకని గాలి వీచే సాయంత్రం వెలిగించిన అగరుబత్తీ అంచుల వెంట తిప్పి, పొగ చెదిరిన చోట కూడా గుర్తు పెట్టాలి. ముందు ఆ గుర్తులన్నీ రబ్బరు పట్టీతో, పుట్టీతో, చెక్క బద్దతో మూయించి, గడియలు బిగుతు చేయించి ఒక వారం పడుకుని చూడాలి. అప్పటికీ చాలకపోతే లోపలి రెక్కల జత. రోడ్డు వైపు అసలు అక్కర్లేని కిటికీ ఏదైనా ఉంటే ఇటుకతో కట్టేసి, లోపలి గూట్లో కడప బండల అరలు పెట్టించుకుంటే ఇంటికి ఒక బీరువా కూడా కలిసొస్తుంది.